తెలియదనుట యెంతవఱకు చెల్లును?

తెలిసి చేసిన తప్పునకు శిక్షయు, తెలియక చేసిన తప్పునకు క్షమయు నుండవలెనని లోకమెల్ల నొప్పుకొన్న మాట. నిప్పని యెఱుగక ముట్టిన పసిబిడ్డను ఏ తల్లియు దండింపదు. కాని తెలిసికొనుటకు దారి యుండి, వ్యయము స్వల్పమై యుండి, తెలిసికొనకయే కార్యమునకు పూనుకొన్నవానిని ఏ తరగతిలో జేర్పవలెను? వాడు తెలియనివాడా, తెలిసికొన నొల్లనివాడా? ఈ ప్రశ్న నీతిశాస్త్రగ్రంథములలో నుండునది యని మేమును తలచుచుంటిమి. అది నాలుగు కాళ్ళతో మా వాకిటికే నడచి వచ్చినది. కావున దానినిగూర్చి చదువరులతో కొంత ముచ్చటింప నెంచితిమి.

హైదరాబాదు నగరమునకు ఉత్తరపు దిక్కున, గండిమైసమ్మ కూడలి దాటి నర్సాపూరు పోవు బాటలో దుండిగల్ ఉన్నది. 1967లో నాటి రాష్ట్రపతి జాకీర్ హుస్సేనుగారు శంకుస్థాపన చేసిన వైమానికదళ శిక్షణాలయము వలన ఈ యూరి పేరు దేశమంతటికిని తెలియును. ఔటర్ రింగు రోడ్డు వచ్చిన పిమ్మట చుట్టుపట్ల చేలు ఇండ్లస్థలములైనవి; తోటలు తోటబంగళాలైనవి. బంగళాకు ప్రహరీ, ప్రహరీకి ఇనుపగేటు, గేటు వెనుక జాతికుక్క — ఇది యిచ్చట గృహస్థుని మర్యాదకు గుఱుతుగా నేర్పడినది. కోరువారు పెరుగగా అమ్మువారును పెరిగిరి. కుక్కలను జతకట్టించి, ఈతలు వేయించి, పిల్లల నమ్ముట యొక వృత్తియైనది. ఆ వృత్తిలో శ్రద్ధగలవారును కలరు, లేనివారును కలరు.

ఆఱేండ్ల క్రిందట మేమును అట్టి యొక తోటకు పోయి లాబ్రడార్ జాతి మగపిల్ల నొకదానిని కొని తెచ్చి, మోతీ యని పేరు పెట్టితిమి. దానితోకూడ మూడు తరముల పూర్వుల పేర్లు వ్రాసిన వంశపత్రము నిచ్చిరి. మేమడిగిన ప్రశ్నలేవి? మేనిరంగు ఇట్లే నిలుచునా? తాతకుక్కకు పోటీలలో బహుమతి వచ్చెనా? వెలలో నేమైన తగ్గింతురా? ఇవియే. వంశపత్రమును బీరువాలో భద్రపఱచితిమి; వచ్చినవారికి చూపితిమి. మోతీకి నాలుగేండ్లు నిండిన పిదప ఒకనాటి సందెవేళ అది తులసికోటకు కొట్టుకొనెను. మఱునాడును అట్లే. వెలుతురున చక్కగా పరుగెత్తునది చీకటి పడగనే గడప దాటుటకు జంకసాగెను. పశువైద్యులు కన్నులు పరీక్షించి, లోపలి తెర, అనగా రెటీనా, క్రమక్రమముగా క్షీణించుచున్నదనియు, ముందు రాత్రిచూపును తరువాత పగటిచూపును పోవుననియు, మందు లేదనియు చెప్పిరి. పిమ్మట వారన్న యొక్క మాట మమ్ము మిక్కిలి నొప్పించినది: “దీని తలిదండ్రులను ముందుగా పరీక్షించియుండిన దీనికీ గతి పట్టకపోవును.”

కోపముతో ఆ తోటకు పోయితిమి. అమ్మినవాడు మర్యాదగానే మాటాడెను. “అయ్యా, నేనమ్మిన నాడు పిల్ల కన్నులు చక్కగా నుండెను గదా! లోపలి సంగతి దేవునికెఱుక” అని అతడనెను. ఇంటికి వచ్చి ఆ మాటను తిట్టుచుండగా మా తల్లిగారు వినుచు గూర్చుండి, “కొనునాడు మనము కన్నుల మాట అడిగితిమా, నాయనా?” అనిరి. సమాధానము తోపలేదు. అంతకన్న బరువైన సంగతి యింకొకటి యుండెను. మోతీకి చూపు తగ్గుటకు కొలది నెలల ముందే దానిని ఒక మిత్రుని యింటి ఆడకుక్కతో జతకట్టించితిమి. ఏడు పిల్లలు పుట్టెను. మా వాటాకు వచ్చిన రెంటిలో నొకదానిని బంధువుల కిచ్చితిమి, రెండవదానిని వెలకమ్మితిమి. అనగా, తోటవాని నే మాటతో నిందించితిమో ఆ మాట మాకును చెల్లును.

ఇప్పుడు శాస్త్రవిషయము కొంత చెప్పవలెను. ప్రతి ప్రాణియు ప్రతి జన్యువునకు రెండు ప్రతులను, తల్లినుండి యొకటి తండ్రినుండి యొకటి, పొందును. రెండు దీపములున్న గదిలో ఒకటి యారినను చూచుటకు వెలుగు చాలును. రెండును ఆరిననే చీకటి. మోతీకి వచ్చిన వ్యాధి యిట్టిది. ఒక ప్రతి చెడినది, ఒకటి మంచిది యైన కుక్క చచ్చువఱకును చక్కగా చూచును. కాని చెడినదానిని తన సంతతికి ఈయగలదు. దీనిని వాహక మందురు. రెండు వాహకములను జతకూర్చినచో, సగటున నాలుగు పిల్లలలో నొకదానికి గ్రుడ్డితనము, రెంటికి వాహకత్వము, ఒకదానికి పూర్ణారోగ్యము కలుగును. వాహకమును మంచి ప్రతులు రెండున్న కుక్కతో జతకూర్చినచో ఒక్క పిల్లయు ఈ వ్యాధిచే గ్రుడ్డిది కాదు. కంటికి కనబడు లక్షణములనుబట్టి వాహకమును గుర్తించుట యసాధ్యము. ఎంత యనుభవము గల పెంపకందారునకైనను ఇది సాధ్యము కాదు.

ఒకప్పుడు ఇది నిజముగా దేవునికే యెఱుక. 2005లో టాషా యను బాక్సర్ జాతి యాడకుక్క జన్యుక్రమమునంతయు శాస్త్రజ్ఞులు చదివి ప్రకటించిరి. 2006లో ఈ కంటివ్యాధికి కారణమైన యొక్క యక్షరదోషమును కనుగొనిరి. చిత్రమేమన, సరిగా ఆ దోషమే కంటివ్యాధిగల యొక మనుష్యునియందును అప్పుడే కనబడినది. నాటినుండి కుక్క చెంపలోపలి పొరను దూదిపుల్లతో తుడిచి పరీక్షాశాలకు పంపినచో దాని స్థితి తెలియుచున్నది. నొప్పి లేదు, కోత లేదు. జీవితమున ఒక్కసారి చాలును. ఆ వ్యయము ఒక్క పిల్ల వెలకు మించదు. ఒక్క తండ్రికుక్కకు చేయించిన పరీక్ష దాని యీతలన్నిటికిని పనికివచ్చును. ఇట్లు దారి తెఱచుకొన్న నాటినుండి “దేవునికెఱుక” యను మాట భక్తివాక్యముగా చెల్లదు. అది మన సోమరితనమును దేవునిమీద మోపుటయే యగును.

పరీక్షకును మితి కలదని చెప్పకుండుట న్యాయము కాదు. తుంటికీలు సరిగా నమరక కుంటితనము కలిగించు వ్యాధి లాబ్రడార్, జర్మన్ షెపర్డు మొదలగు పెద్దజాతులలో విరివిగా నున్నది. దానికి అనేక జన్యువులును, వానితోపాటు పిల్లనాటి యధికాహారమును, స్థూలకాయమును కారణములు. దానిని చెంపతుడుపుతో తేల్చలేము. తలిదండ్రుల తుంటి యెముకలను ఎక్స్‌రే తీయించి నిపుణులచే చదివింపవలెను. అమెరికాలో ఈ పనికై 1966లోనే యొక ప్రత్యేకసంస్థ వెలసినది. ఒక వ్యాధికి చేసిన పరీక్ష మఱియొక వ్యాధినిగూర్చి యేమియు చెప్పదు. కావున “పరీక్ష చేయించితిమి” అని యెవరైన నన్నప్పుడు “ఏ వ్యాధికి?” అని యడుగుట కొనువాని ధర్మము.

అయితే ఈ దోషములు జాతికుక్కలలో నింతగా పోగగుటకు కారణమేమి? దాచిపెట్టిన దోషము రెండువైపులనుండియు కలిసి వచ్చుటకు మనమే బాట వేసితిమి. ఇంగ్లాండులో 1873లో కెన్నెల్ క్లబ్బు వెలసినది. మన దేశపు క్లబ్బు 1896లో వెలసినది. జాతికొక పుస్తకము తెఱచి, అందు పేరున్న కుక్కల సంతతినే ఆ జాతిగా లెక్కించి, క్రమముగా తలుపు మూసిరి. పిమ్మట బహుమతి నొందిన మగకుక్కనే పదింటికి వాడిరి. దాని కూతునకు దానినే, అన్నకు చెల్లెలినే జతకట్టించిరి. ఇంగ్లాండులో తల్లీకొడుకుల, తండ్రీకూతుల, తోబుట్టువుల జతవలన పుట్టిన పిల్లలను నమోదు చేయమని ఆ క్లబ్బువారు నిశ్చయించినది 2009లో. అంతవఱకును అట్టి సంతతికి శుద్ధవంశ మను గౌరవము చెల్లుచునే యుండెను. శుద్ధి యను మాట మనకు కొత్తది కాదు. కులగర్వము మనలో విడిచినట్లు పైకి చెప్పుకొనువారు కూడ కుక్కను కొనునప్పుడు గోత్రప్రవరలు విచారించుట చూచితిమి. మనుష్యులయందు సిగ్గుపడి విడిచిన వెఱ్ఱిని పశువులయందు పండుగగా జరుపుకొనుచున్నాము.

డాల్మేషియన్ అను చుక్కలకుక్కల కథ యిందులకు తార్కాణము. ఆ జాతిలోని ప్రతి కుక్కకును మూత్రమున యూరికామ్ల మధికమై రాళ్ళు పుట్టు స్వభావ ముండెను. మంచి ప్రతి యా జాతిలో నెందును మిగులలేదు. 1973లో రాబర్టు షైబుల్ అను జన్యుశాస్త్రజ్ఞుడు ఒక డాల్మేషియనును పాయింటరు జాతికుక్కతో ఒక్కసారి జతకూర్చి, ఆ సంతతిని మరల మరల డాల్మేషియన్లతోనే కలుపుచు, మంచి జన్యువును మాత్రము నిలుపుకొని వచ్చెను. 1981లో అమెరికా క్లబ్బు అట్టి కుక్కలను రెంటిని నమోదు చేసికొనెను గాని, జాతిసంఘములోని సభ్యుల యభ్యంతరముచే వెంటనే తలుపు మూసెను. మరల తెఱచినది 2011లో. రూపమున చుక్కలలోగాని నడకలోగాని భేదము కానరాని యారోగ్యవంతములైన కుక్కలు, ఒక్క పూర్వుని పేరు కారణముగా, అంతకాలము వాకిట నిలువవలసి వచ్చినది. ఈ కథను మన పెద్దలకు చెప్పినచో ఏ దేశపు కథయని యడుగరు. ఏ యూరి కథయని యడుగుదురు.

మన తెలుగునాటనే కొల్లేటి ప్రాంతమున జోనంగి యను జాతి యున్నది. పొట్టివెండ్రుకల యా కుక్క బాతులమందలను కాచి పేరు గన్నది. దానిని వంశపత్రము తీర్చిదిద్దలేదు. పనియు ఎండయు నీరును తీర్చిదిద్దినవి. చేతకానిది నిలువలేదు. మేము పాతకాలపు కాఠిన్యమును మెచ్చుకొనుట లేదు. కాని ప్రకృతి చేయు వడపోతను మనము మాన్పించినప్పుడు, ఆ వడపోతను దయతోను బుద్ధితోను చేయు భారము మనమీద పడునని మాత్రము చెప్పుచున్నాము.

కొన్ని దోషములకు పరీక్షాశాలయు నక్కఱలేదు, కన్నులున్న చాలును. 2003లో హచ్ టెలిఫోను కంపెనీవారి ప్రకటనలో నొక పగ్గు కుక్క కనబడినది మొదలు ఆ చప్పిడిముక్కు కుక్కలు మన నగరములలో నిండిపోయినవి. కుక్క తన మేనివేడిని ముఖ్యముగా రొప్పుట చేతనే చల్లార్చుకొనును. రొప్పుటకు తగిన ముక్కును, గాలిదారియు లేనిదానిని మన మే నెల యెండలో పెంచుట ముద్దని పేరు పెట్టుకొన్న క్రౌర్యము. నార్వే దేశపు సుప్రీం కోర్టు 2023లో, కవేలియర్ జాతి కుక్కలను ఆ జాతిలోనే జతకట్టించి యీనించుట జంతుసంరక్షణ చట్టమునకు విరుద్ధమని తీర్పు చెప్పినది. మన దేశమునను 2017లో కుక్కల పెంపకమునకు నియమము లేర్పడినవి. పెంపకందారు రాష్ట్ర జంతుసంక్షేమ మండలియందు నమోదు చేసికొనవలెను. పదునెనిమిది నెలలు నిండని, ఎనిమిదేండ్లు దాటిన యాడకుక్క నీనింపరాదు. జన్మమున అయిదీతలకు మించరాదు. ఎనిమిది వారములు నిండని పిల్లల నమ్మరాదు. ఇవి మంచి నియమములు. కాని చట్టము గేటువఱకు వచ్చును. రక్తములోని దోషమును వెదకవలసినది పెంపకందారు మనస్సాక్షియే.

ఇచ్చట రెండవ పొరపాటును గూర్చి హెచ్చరింపవలెను. పరీక్షలో వాహకమని తేలినంతనే దానిని పనికిరానిదని త్రోసివేయువారు కలరు. దుండిగల్ వైమానిక శిక్షణాలయమున చేరు యువకుని కన్నులను ముందుగా పరీక్షింతురు; అది యవమానమని యెవ్వరును తలపరు. పరీక్ష యొక నిందాపత్రము కాదు. వాహకములనన్నిటిని తొలగించినచో మిగిలిన కొలది కుక్కలనే మరల మరల జతకట్టింపవలసివచ్చి, మఱియొక దాగిన దోషము పైకి వచ్చును. వాహకమును మంచిదానితో జతకూర్చి, పిల్లలను పరీక్షించి, తరతరమునకు మంచివైపు మొగ్గుచు పోవుటయే వివేకము. తొందరపడి శుద్ధి చేయబూనుట పాత జబ్బునకు కొత్త పేరు పెట్టుటయే.

ఈ తర్కమును మనుష్యులకును వర్తింపజేయుదురా యని చదువరులు శంకింపవచ్చును. గత శతాబ్దమున కొందఱట్లే చేసిరి. 1927లో అమెరికా సుప్రీం కోర్టు, బుద్ధిమాంద్యము గలవారని నిర్ణయింపబడినవారికి బలవంతముగా సంతానము కలుగకుండ చేయుటను సమర్థించినది. 1933లో జర్మనీ అందులకు చట్టమే చేసినది. అది యెచ్చటికి దారితీసినదో లోకమెఱుగును. మనుష్యుని నెవ్వరును ఈనింపరాదు. మనుష్యుడు తెలిసికొని తానే నిశ్చయించుకొనవలెను. మేనరికములు వాడుకయైన మన కుటుంబములలో, తలసేమియావంటి వ్యాధులకు వధూవరులు వాహకులా కాదా యని ముందుగా తెలిసికొనుట మంచిదని వైద్యులు చెప్పుచున్నారు. హైదరాబాదులో 1998లో స్థాపింపబడిన తలసేమియా సికిల్‌సెల్ సొసైటీ యిట్టి బిడ్డలకు సేవ చేయుచున్నది. అచ్చట తెలియజెప్పుటతో ఇతరుల హక్కు తీరును. కుక్క విషయమట్లు కాదు. దానికి జతను కోరుకొను స్వాతంత్ర్యమును మనమే హరించితిమి. ఎవ్వరితో, ఎప్పుడు, ఎన్నిసార్లను నిశ్చయమంతయు మనదే. నిశ్చయము పూర్తిగా మనదైన చోట బాధ్యతయు పూర్తిగా మనదే కావలెను.

“ఆకలిగొన్న మనుష్యులుండగా కుక్కల మాట యేల?” అని యొకరు. “వీథులలో దిక్కులేని కుక్కలుండగా కుక్కల నీనించుటయే యేల?” అని మఱియొకరు. రెండవ ప్రశ్న మిక్కిలి న్యాయమైనది. వీథిపిల్లను చేరదీసి టీకాలు వేయించి పెంచుట యుత్తమమని మేము నమ్ముచున్నాము. మొదటివారితో నొక్క మాట. బ్రియార్డు జాతికుక్కలలో పుట్టు గ్రుడ్డితనమునకు జన్యుచికిత్స చేసి, 2001లో వానికి చూపు తెప్పించిరి. ఆ మార్గముననే సాగి, అదే జన్యుదోషముతో చూపు కోల్పోవు మనుష్యులకు 2017లో అమెరికా ప్రభుత్వము చికిత్సను అంగీకరించినది. మన బిడ్డల చూపునకై కుక్కలు తమ కన్నుల నిచ్చినవి. వాని కన్నులకై ఒక దూదిపుల్ల ఖర్చు పెట్టుమనుట గొప్ప త్యాగమును కోరుట కాదు.

ఇక మా సంగతి. పిల్లలున్న యిండ్లకు పోయి చెప్పవలెనా, మానవలెనా యని నెలదినములు తర్కించితిమి. చెప్పినంత మాత్రమున చూపు నిలువదు గదా, ఊరక వారి మనస్సు నొప్పింపనేల యని మనస్సు మమ్ము బుజ్జగించుచుండెను. ఆ బుజ్జగింపు తోటవాని మాటకు తోబుట్టువే యని తెలిసికొనుటకు కొంత కాలము పట్టెను. మొదట తల్లికుక్క యజమానియగు మిత్రుని యింటికి పోయితిమి. “పోయిన నీటికి గట్టేల?” అని విసుగుకొనెను, పిమ్మట ఆయనయే పరీక్ష చేయించెను. తల్లి వాహకము. ఏడు పిల్లలలో అయిదింటిని పరీక్షింపగా మూడింటికి రెండు ప్రతులును చెడినవి, రెండు వాహకములు. తక్కిన రెండిండ్లవారు తెలిసికొననొల్లమనిరి. మేమమ్మిన పిల్ల యా మూడింటిలో నొకటి. పుచ్చుకొన్న సొమ్మును తిరిగి యిచ్చితిమి, వారు పుచ్చుకొనిరి, పిల్లను మాత్రము తిరిగి యీయలేదు.

ఆ యింటి తొమ్మిదేండ్ల బాలిక మమ్ము గేటువఱకు సాగనంపుచు, “మామయ్యగారూ, మా భైరవునికి ఎప్పుడు చీకటి పడును?” అని యడిగినది. ఇంకను రెండు మూడేండ్లు చూపుండవచ్చునని చెప్పితిమి. “అయితే ఇప్పటినుండియే మాటలతో నేర్పుదును” అన్నది. సైగలు మాని, ఆగుము, మెట్టున్నది, ఎడమకు రమ్ము అని గొంతుతో అలవాటు చేయవలెననియు, ఇంటిలోని సామగ్రిని చోటు మార్పరాదనియు వైద్యులు చెప్పిన మాటలను ఆ పిల్లకు చెప్పితిమి. మోతీకి మే మీ సౌకర్యము నీయలేకపోతిమి. తెలియుట వలన వ్యాధి పోలేదు. కాని చీకటికి ముందు రెండేండ్ల పాఠము దొరకినది.

భారతకథకు తొలివాకిట సరమ యను దేవశుని నిలిచియున్నది. జనమేజయుని యజ్ఞశాలకు వచ్చిన దాని పిల్లను, ఏ తప్పును చేయకుండగనే, రాజు తమ్ములు కొట్టిరి. తల్లి వచ్చి నా బిడ్డ చేసిన తప్పేమని యడిగినది. కొలువులో నెవ్వరును సమాధానము చెప్పలేదు. కానరాని భయము నిన్ను పొందునని రాజును శపించి పోయినది. పుట్టుకతోనే దెబ్బతిన్న పిల్ల పక్షమున నేడును ఆ తల్లి యట్లే యడుగుచున్నట్లు మాకు తోచును.

పిల్లను కొనగోరు చదువరులారా! తల్లిని కంటితో చూచి, తలిదండ్రులిరువురి పరీక్షాపత్రములను చదివి, ఆ పత్రములు ఏ వ్యాధులకో యడిగి, అటుపిమ్మటనే మేనిరంగును గూర్చి మాటాడుడు. పత్రము లేదన్నచో మర్యాదగా సెలవు తీసికొని రండు. పదిమంది కొనువారట్లు వెనుదిరిగిన నాడు పదునొకండవవానికి పత్రము సిద్ధముగా నుండును. మేమట్లు చేయలేదు. ఈ సాయంకాలమును మోతీ తులసికోట నొరసికొనుచు మా గొంతునుబట్టి గడప దాటుచున్నది.